ఇన్షిరాహ్ హస్తవాసి

కైరోకి ఉత్తరాన ఉన్న మా దుమ్యాత్‌లో చిత్రిక పట్టడం రాని మగవాడినీ, సూదికి భయపడే మనిషినీ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మొదటిది ఊరి గొప్ప. రెండోది, కనీసం నదివైపున్న వడ్రంగుల సందు వరకూ, ఇన్షిరాహ్ గొప్ప.

ఆమెకు యాభై నాలుగేళ్ళు. కాస్త భారీ మనిషి. మెట్లెక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ ఆగి, అక్కడ ఎవరుంటే వాళ్ళ క్షేమం అడిగి, ఆయాసాన్ని మర్యాద కింద చెల్లించేస్తుంది. చెప్పబోయే హాస్యానికి తానే ముందు నవ్వేస్తుంది కాబట్టి ఆ హాస్యమేమిటో చాలాసార్లు ఎవరికీ తెలియదు. అయినా అందరూ నవ్వుతారు.

పెళ్ళికి ముందు ఆరోగ్య కేంద్రంలో నేల తుడిచి, గాజు సిరంజీలు ఉడకబెట్టే పనిలో ఉండేది. అక్కడి నర్సు బహీగా ఆమె చేతికి ఓ నారింజపండు ఇచ్చి, "దీనికి నొప్పి పుట్టకుండా గుచ్చడం నేర్చుకో" అంది. నారింజకు నొప్పి పుట్టిందో లేదో ఎలా తెలుస్తుందని ఇన్షిరాహ్ అడగలేదు. రెండు బుట్టల నారింజలు గుచ్చింది. ఆ తర్వాత మొదటి మనిషిగా దొరికినవాడు కొత్త మొగుడు మెత్వల్లి. కుర్చీల కాళ్ళకు పువ్వులూ తీగలూ చెక్కే మేస్త్రి. "ఆయన ఇంకా తిరుగుతున్నాడంటే నా చెయ్యి మంచిదనే కదా!" అని ఇప్పటికీ అంటుంది.

హస్తవాసి అలా మొదలై సందంతా పాకింది. సూది వేసే క్షణంలో ఇన్షిరాహ్ ఓ ప్రశ్న వేస్తుంది. "అవునూ, మొన్న మీ ఆవిడ పళ్ళెం ఎందుకు విసిరింది?" అవతలివాడు తెల్లబోయి జవాబు వెతుక్కునేలోపు దూది కూడా అద్దేసి ఉంటుంది. జవాబు మాత్రం రాబట్టకుండా వదలదు. ఆ రకంగా సందులో ఎవరి కడుపులో ఏముందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పని ముగిశాక ఎవరో ఒకరు తెల్ల జున్ను ముక్కో, నాలుగు జామపండ్లో చేతిలో పెడతారు. వద్దంటూనే సంచి తెరుస్తుంది.

ఇంతమందిని మెప్పించిన ఇన్షిరాహ్ ఒక్క మనిషిని మాత్రం మెప్పించలేకపోయింది. ఆ మనిషి ఆమె అత్తగారు హాజ్జా తఫీదా.

డెబ్బై తొమ్మిదేళ్ళ హాజ్జా చీపురుపుల్లలా ఉంటుంది. మేడమీద పదకొండు బాతులను పెంచుతుంది. ఆ బాతుల మీద చూపించే మురిపెంలో పిసరంతైనా కోడలి మీద చూపించి ఉంటే ఆ ఇల్లు స్వర్గమయ్యేది. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నారు. ఇక్కడ ఇద్దరూ ఉన్నారు, ముప్ఫై రెండేళ్ళుగా ఒకే వంటింట్లో ఉన్నారు. ఇన్షిరాహ్ బాతు కడుపులో ఉల్లిపాయలు కూరి వండితే హాజ్జా ఒక ముద్ద తిని, "చచ్చిన బాతును మళ్ళీ చంపావు కదే" అనేది. అలా అంటూనే పళ్ళెం ఖాళీ చేసేది. సూది మాత్రం కోడలి చేత్తోనే వేయించుకునేది. "పగతో పొడిచినా నొప్పి తెలీని చెయ్యి దీనిది. దేవుడు ఇవ్వకూడనివాళ్ళకే ఇస్తాడు" అని అందరికీ వినపడేలా చెప్పేది.

చలి ముదిరే తూబా నెల వచ్చిందంటే పడుచుపిల్ల కూడా ముసలమ్మలా మూలుగుతుందని మావాళ్ళ సామెత. ఆ ఏడాది తూబాలో చలికి తోడు ఫ్లూ దిగింది. ఒక దుకాణంలో మొదలై వారం తిరక్కుండా సందంతా దగ్గులే. ఉలి దెబ్బకు ఒక దగ్గు, రంపం కోతకు ఇంకో దగ్గు. వార్నిష్ వాసనను జామాకు కషాయం వాసన మింగేసింది.

ఫ్లూకి మా ఊళ్ళో ఒక మందుంది. పేరు కలబోత సూది. మూడు గాజుబుడ్లు విరిచి ఒకే సిరంజిలోకి లాగుతారు. ఒకటి యాంటీబయాటిక్, రెండోది కార్టిజోన్, మూడోది నొప్పుల మందు. చీటీ అక్కర్లేదు, డాక్టరు అక్కర్లేదు. మందుల దుకాణం వజ్దీని అడిగితే మూడూ చిన్న కాగితపు పొట్లంలో పెట్టి ఇస్తాడు, ఇన్షిరాహ్ వేస్తుంది. సాయంత్రానికల్లా జ్వరం పోతుంది, మర్నాడు మనిషి పనిలో ఉంటాడు. పడుకుంటే పని ఆగిపోతుంది కాబట్టి పడుకోవడమంటే మావాళ్ళకు పరమ అసహ్యం. ఆ చలికాలంలో అప్పటికే ఇన్షిరాహ్ చేతిమీదుగా ఇరవై ఆరు కలబోతలు పడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదనే ఆమె అనుకుంది.

హాజ్జాకు సోమవారం ఒళ్ళు కాలింది. ఒళ్ళంతా నొప్పులు, కళ్ళ వెంట నీళ్ళు.

"రెండు రోజులు కదలకుండా పడుకో అత్తా. పప్పు చారు కాచి ఇస్తాను" అంది ఇన్షిరాహ్.

"గురువారం నా కూతురి కొడుకు పెళ్ళికి పడకగది సామాను కొత్తింటికి పోతోంది. ముందు బండిలో నేను కూర్చోకపోతే ఎవరు కూర్చుంటారు, నీ పప్పు చారా? కలబోత వెయ్యి."

"నీ వయసుకు అది వద్దులే."

"నా వయసు నేను పెంచుకున్నాను, నీ సొమ్మేం తినలేదు. సందంతటికీ వేశావు. అత్తకి అనేసరికి చెయ్యి రాదా?"

ఆ మాటే పని చేసింది. నలుగురూ ఏమనుకుంటారోనన్న బెరుకు ఇన్షిరాహ్‌కు ఒక్క అత్తగారి విషయంలోనే ఉంది. బుధవారం పొద్దున వజ్దీ దగ్గర పొట్లం తెచ్చి, మూడు బుడ్లూ విరిచి, "బాతులకు పేర్లు పెట్టావా అత్తా?" అని అడుగుతూ సూది వేసేసింది. "నీ పేరు పెట్టాను, అన్నిటికంటే లావుదానికి" అంది హాజ్జా.

గురువారం చూడాలి ఆవిణ్ణి! మెత్వల్లి మూడు నెలలు చెక్కిన మంచం, అద్దాల బీరువా మూడు బండ్లమీద ఎక్కాయి. డప్పులు, సన్నాయిలు, హారన్లు. ముందు బండిలో డ్రైవరు పక్కన నల్లటి ముసుగులో హాజ్జా. కిటికీ అద్దం దించి, చలిగాలికి మొహం ఇచ్చి, నాలుక ఆడిస్తూ ఆవిడ వేసిన సంతోషపు కూతలు నది అవతలి ఒడ్డుకు వినిపించాయి. "చూశావా నా చెయ్యి!" అని ఇన్షిరాహ్ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. ఆ రోజు ఆమె గర్వం అంతా ఇంతా కాదు.

శనివారం హాజ్జాకు దగ్గు తిరగబెట్టింది. కుడి పక్కటెముకల కింద పోటు. ఒకసారి పళ్ళు టకటకలాడేలా వణికి, మళ్ళీ సర్దుకుంది. సూది పని ఇంకా చేస్తోందేమో, ఒళ్ళు మాత్రం కాలలేదు. ఇంకో కలబోత వెయ్యమని హాజ్జా ఆ సాయంత్రమే సతాయించింది. రేపు చూద్దామంది కోడలు.

ఆదివారం పొద్దున ఇన్షిరాహ్ పొట్లంతో గదిలోకి వెళ్ళేసరికి పరామర్శకని ఎదురింటి ఉమ్ షుక్రీ వచ్చి కూర్చునుంది. మెత్వల్లి గుమ్మంలో నిలబడి గడ్డానికి పట్టిన చెక్కపొట్టు దులుపుకుంటున్నాడు. ఇన్షిరాహ్ బుడ్లు విరిచి, సిరంజి నింపి, గాలి బుడగ పోగొట్టింది. నుదుటిమీద చెయ్యి వేసింది. చల్లగా, చెమటగా ఉంది.

"జ్వరమేం లేదే" అంది ఉమ్ షుక్రీ. "నీరసం అంతే. ఆ సూది పడితే లేచి కూర్చుంటుంది."

హాజ్జా కళ్ళు తెరిచింది. కోడలివైపు చాలాసేపు చూసింది. పెదవుల చుట్టూ నీలం తిరిగింది.

"వచ్చావా అమ్మా" అంది. "చల్లని చెయ్యి తల్లీ నీది. నిన్న బాతు ఎంత బాగా వండావు! నీ చేతి వంట తిన్న ఇల్లు చల్లగా ఉండాలి."

నిన్న ఇంట్లో బాతు వండలేదు.

ఉమ్ షుక్రీ కళ్ళు తుడుచుకుంది. "చూశావా వదినా, ఎంత ప్రేమో! లోపల దాచుకుంది ఇన్నాళ్ళూ."

ఇన్షిరాహ్ మంచం మీదికి వంగింది. ముప్ఫై రెండేళ్ళలో ఆ నోట తనకు ఒక్క మంచిమాట రాలేదు. ఇప్పుడు వచ్చిందంటే ఆ మాట్లాడుతున్నది అత్తగారు కాదు. దుప్పటి లాగి పక్కటెముకలవైపు చూసింది. అవి కొలిమి తిత్తుల్లా కొట్టుకుంటున్నాయి. గోడ గడియారం ముల్లు చూస్తూ లెక్కపెట్టింది. బహీగా నర్సు నేర్పిన పనే అది, ఏళ్ళుగా వాడనిది. నిమిషానికి ముప్ఫై ఎనిమిది.

సిరంజి తీసి పళ్ళెంలో పెట్టేసింది.

"నేను వెయ్యను. ఆసుపత్రికి తీసుకెళ్దాం, లే మేస్త్రీ."

"ఆసుపత్రా?" మెత్వల్లి బిత్తరపోయాడు. "అమ్మ ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది కదే. ముందు సూది వెయ్యి, తర్వాత చూద్దాం. నింపేశావు కూడానూ!"

"నింపితే పారబోస్తాను."

ఈలోపు మెట్లమీద ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చేరారు. ఉమ్ షుక్రీ గొంతు కాస్త పెరిగింది. "సందులో ఎవరికైనా కాదన్నావా ఇన్నాళ్ళూ? మా ఆయనకు వేశావు, మా మరిదికి వేశావు, సోడాకొట్టువాడికి నిలబెట్టి వేశావు. ముసలావిడ అడిగితే కాదంటావా? రేపు ఏదైనా అయితే జనం ఏమంటారో ఆలోచించుకున్నావా వదినా? కోడలు చేతిలో సూది పెట్టుకుని కూడా వెయ్యలేదంటారు."

"అననీ."

"ఆవిడ మేడమీద గది నీకు దక్కడం కోసం అంటారు."

"బాతుల కోసం అని కూడా అనమను!" ఇన్షిరాహ్ అరిచింది. ఆమె అరవగా ఆ సందు ఎప్పుడూ వినలేదు. "ఆవిడ నన్ను మెచ్చుకుందే! నీకు వినపడలేదా? ఆవిడ పోతోంది, ఉమ్ షుక్రీ! లేవండి అందరూ!"

ఆ కేకకు మెత్వల్లి చేతిలో పొట్టు రాలిపోయింది. కింద దుకాణంలోకి దూకి నలుగురు పనివాళ్ళను పిలుచుకొచ్చాడు. ఇరుకు మెట్ల మీద మంచం తిరగదు. చేతికి అందినది ఒక్కటే, మర్నాడు కైరోకి పోవాల్సిన చేతుల కుర్చీ. సింహం పాదాలు, వీపున గులాబీలు, ఆపాదమస్తకం బంగారు పూత. దానిమీద ఎర్ర మఖ్మలు. పూత ఇంకా పూర్తిగా ఆరలేదు. అందులో హాజ్జాను కూర్చోబెట్టి, దుప్పటితో చుట్టి, నలుగురూ భుజాలకెత్తారు.

సందులోంచి ఆ కుర్చీ పోతూంటే చూసినవాళ్ళకు కొన్నాళ్ళపాటు అదే కబురు. వెనక ఇన్షిరాహ్ ముసుగు జారిపోతున్నా పట్టించుకోకుండా, "దారి! దారి!" అని అరుస్తూ పరుగు. మూలమలుపులో కొత్తగా కాపురానికి వచ్చిన ఒక పిల్ల కిటికీలోంచి బంగారు కుర్చీ చూసి ఇది ఎవరిదో పెళ్ళి సామాననుకుని సంతోషపు కూత వేసింది. దానికి పక్క కిటికీ జవాబిచ్చింది. దానికి ఎదురు కిటికీ. క్షణంలో సందు పొడవునా కూతలు మోగిపోయాయి. హాజ్జా ఆ మత్తులోనే చెయ్యెత్తి అటూ ఇటూ ఊపింది. ఇన్షిరాహ్ నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. సామాను బండిలోకి ఆవిడతో సహా కుర్చీని అలాగే ఎక్కించారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నెర్మీన్ వయసు ఇన్షిరాహ్ సూదులు వేస్తున్న ఏళ్ళంత కూడా ఉండదు. వేలికి చిన్న క్లిప్పు పెట్టి చూసి, వెంటనే ఆక్సిజన్ మాస్కు తగిలించింది. ఎక్స్‌రే చూశాక ఇద్దరివైపూ తిరిగింది.

"కుడి ఊపిరితిత్తి కింది సగం నిండిపోయింది. న్యుమోనియా. ముందు ఫ్లూ వచ్చిందా?"

"వచ్చి తగ్గిపోయింది" అన్నాడు మెత్వల్లి.

"తగ్గలేదు, మేస్త్రిగారూ. ఫ్లూ ఊపిరితిత్తుల లోపలి పొరను పుండు చేసి పెడుతుంది. ఆ పుండు మీద బాక్టీరియా వచ్చి కూర్చుంటుంది. మనిషి తేరుకున్నట్టే ఉంటుంది. నాలుగైదు రోజులకు రెండోది మొదటిదానికంటే గట్టిగా కొడుతుంది. ముసలివాళ్ళలో ఒక్కోసారి జ్వరం కూడా ఉండదు, ఇలా మాట తేడా వస్తుంది అంతే." ఆమె ఆగి ఇద్దరినీ చూసింది. "కలబోత సూది పడిందా?"

మెత్వల్లి పైకప్పు చూశాడు.

"పడింది, డాక్టరమ్మా. బుధవారం పొద్దున" అంది ఇన్షిరాహ్. మూడు మందుల పేర్లూ, ఎంతెంతో కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"అనుకున్నాను. నొప్పుల మందు జ్వరాన్ని కప్పేసింది, కార్టిజోన్ ఒంట్లో పోరాడేవాళ్ళను నిద్రపుచ్చింది. యాంటీబయాటిక్ ఫ్లూని ఏమీ చెయ్యదు, ఒక్క మోతాదుతో బాక్టీరియా చావదు. ఆవిడ నయమైందనుకుని చలిగాలిలో తిరిగి ఉంటుంది."

"అంటే పురుగు పట్టిన చెక్కమీద పాలిష్ కొట్టినట్టన్నమాట" అన్నాడు మెత్వల్లి. అనేశాక పెళ్ళాం మొహం చూసి నాలుక కరుచుకున్నాడు.

"సరిగ్గా అదే. ఎవరు వేశారు?"

ఇన్షిరాహ్ ముసుగు ముందుకు లాక్కుంది.

"మీ వైపు నుంచి ఈ వారంలో ఇది మూడో మనిషి. వేసినవాళ్ళెవరో ఆరోగ్య కార్యాలయానికి రాసి పంపాలి. ఆ చెయ్యి మళ్ళీ సూది పట్టకుండా చూడాలి. ఎవరమ్మా?"

"సందులో... ఎవరో" అంది ఇన్షిరాహ్. అంతలో స్ట్రెచర్ వచ్చింది, డాక్టరమ్మ దానివెంట వెళ్ళిపోయింది.

ఆ రెండు రోజులూ ఇన్షిరాహ్‌కు నరకం. అత్తగారు బతకాలి, అది ఒక్కటే మొక్కు. దాని పక్కనే పిసినిగొట్టు బుద్ధిలాగా ఇంకోటి కూర్చుంది. తన పేరు బయటపడకూడదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ సందులో ఆమె ఎవరంటే సూది ఇన్షిరాహ్. అది తీసేస్తే ఏం మిగులుతుంది, మెట్లమీద ఆయాసపడే ఒక లావుపాటి ఆడమనిషి. ఆ మాట మనసులో అనుకుని సిగ్గుపడింది. వార్డు బయట బల్లమీద కూర్చుని మెత్వల్లి తెచ్చిన జున్ను రొట్టె కొరికి, నమలడం మరిచిపోయి కూర్చుంది.

"నేనే చంపేశానేమో మేస్త్రీ" అంది ఒకసారి.

"నువ్వు కాదనుంటే అమ్మ వజ్దీ చేత వేయించుకునేది. అయినా కుర్చీ ఎక్కించింది ఎవరు? నేను కాదుగా" అన్నాడు మెత్వల్లి. మొగుడికి మంచిమాట చెప్పడం రాదు కానీ ఆ రోజు ప్రయత్నించాడు. పక్కన ఖాళీగా ఉన్న బంగారు కుర్చీకి కాపలా కూడా అతనే. ఆసుపత్రికి వచ్చినవాళ్ళంతా దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. ఆరని పూత మీద హాజ్జా చేతివేళ్ళ గుర్తులు పడ్డాయి. కైరో వాళ్ళకు ఏం చెప్పాలో మెత్వల్లికి తోచలేదు.

మూడో రోజు పొద్దున వార్డులోంచి గట్టిగా ఒక మాట వినిపించింది.

"నరం కోసం వెతుకుతున్నావా, నూతిలో బొక్కెన కోసం వెతుకుతున్నావా? లే అవతలికి! బయట మా కోడలుంటుంది. దానికి వంటరాదు, మాటరాదు, పొడవడం ఒక్కటే వచ్చు. దాన్ని పిలు!"

ఇన్షిరాహ్ లేచిన తీరుకు బల్ల వెనక్కి పడింది. గుమ్మం దగ్గర తెరపక్కన ఆగిపోయి, రెండు చేతులతోనూ మొహం కప్పుకుని ఏడ్చేసింది. అంత హాయిగా ఆమె ఎన్నడూ ఏడవలేదు.

తెరకు అవతల డాక్టరమ్మ గొంతు. "పెద్దమ్మా, తెలివొచ్చింది, సంతోషం. ఒక్క సంగతి చెప్పండి. బుధవారం మీకు సూది వేసింది ఎవరు?"

ఆక్సిజన్ బుడబుడమంది. ముప్ఫై రెండేళ్ళ కసికి ఇంతకంటే మంచి అవకాశం ఏ అత్తగారికీ దొరకదు.

"అబూ సరీఅ" అంది హాజ్జా.

"ఎవరాయన?"

"మంగలి. గడ్డం గీస్తాడు, సున్తీ చేస్తాడు, సూది వేస్తాడు. మా కోడలు వద్దు వద్దని మొత్తుకుంది. అది నిద్రపోతుంటే నేనే వాడి దుకాణానికి వెళ్ళి వేయించుకున్నాను. రాసుకో, అబూ సరీఅ. మనిషి మంచివాడు కాడు, గట్టిగా రాయి."

అబూ సరీఅ చచ్చిపోయి ఆరేళ్ళయింది. అతని దుకాణంలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఈ సంగతి సందులో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. డాక్టరమ్మకు తెలియదు. తెరలోంచి పెన్ను గీసే చప్పుడు వినిపించింది.

ఇన్షిరాహ్ తెర అంచు పట్టుకుంది. ఊరుకుంటే సరిపోతుంది. చచ్చినవాడికి ఏ కార్యాలయమూ ఉత్తరం రాయదు, సందులో రేపటి నుంచి మళ్ళీ సూది ఇన్షిరాహ్. ఉమ్ షుక్రీ మొగుడు గుర్తొచ్చాడు. సోడాకొట్టువాడు గుర్తొచ్చాడు. వాళ్ళిద్దరి తర్వాత ఇంకా ఇరవై నాలుగు మొహాలు. వాళ్ళలో ఎవరు ఇప్పుడు తమ ఇంట్లో చల్లని నుదురుతో వేగంగా ఊపిరి తీస్తూ, ఆడవాళ్ళను మెచ్చుకుంటున్నారో!

తెర పక్కకు లాగింది.

"డాక్టరమ్మా, ఆ మంగలి చనిపోయి ఆరేళ్ళయింది. సూది వేసింది నేనే."

"నోర్ముయ్యవే!" హాజ్జా మాస్కు పీకేసింది. "జ్వరం తలకెక్కింది దీనికి, దీన్ని కూడా మంచం ఎక్కించండి!"

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. రాసిన పేరు కొట్టేసింది. "మీ పేరు?"

"ఇన్షిరాహ్. ఇన్షిరాహ్ అబ్దుల్ జవ్వాద్. వడ్రంగుల సందు, మూడో ఇల్లు." పేరు పూర్తిగా రాసేదాకా చూసింది. "ఇంకోటి కూడా రాయండి. ఈ చలికాలంలో ఇంకా ఇరవై ఆరుగురికి వేశాను. అందరూ నాకు గుర్తున్నారు. ఇప్పుడే ఇంటింటికీ పోయి ఊపిరి లెక్కపెడతాను. తేడా ఉన్నవాళ్ళను ఏ కుర్చీలో అయినా సరే, మోయించుకొస్తాను. నా మీద ఏం రాసుకుంటారో రాసుకోండి. ముందు లెక్క ఎంత దాటితే తేవాలో చెప్పండి."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. "పెద్దవాళ్ళకు నిమిషానికి ఇరవై నాలుగు దాటితే తీసుకురండి. ముప్ఫై దాటితే చెప్పులేసుకోవడానికి కూడా ఆగకండి" అంది. మళ్ళీ కాగితం మీదికి వంగి, "మీ మీద రాయక తప్పదు. వేశారనీ రాస్తాను, రెండోసారి వెయ్యకుండా తెచ్చారనీ రాస్తాను" అంది.

ఇన్షిరాహ్ తల ఊపి ముసుగు సర్దుకుంది. వెళ్ళబోతుంటే వెనక నుంచి హాజ్జా ఆమె ముసుగు అంచు పట్టుకుని లాగింది. ముసలిదాని కళ్ళు కోపంతో మెరుస్తున్నాయి.

"ముప్ఫై రెండేళ్ళలో నీకోసం ఒక్కటంటే ఒక్క అబద్ధం ఆడాను. మక్కా వెళ్ళొచ్చిన నోటితో ఆడాను. అది కూడా దక్కించుకోలేకపోయావు కదే కోడలా!"

ఇన్షిరాహ్ వంగి ఆ చేతిని ముద్దు పెట్టుకుంది. హాజ్జా ఆ చేతిని వెనక్కి లాక్కోలేదు.